ఇల్లుబండిలో ఊపిరికాయ

ఎరకమ్మ రివెట్ గన్నును రేకుకు నిలువుగా ఆనించి మీట నొక్కింది. గన్ను దడదడలాడింది. రేకుకు అవతల, ఇల్లుబండి లోపల, ఆమె కూతురు నూకరత్నం ఇనప దిమ్మను రివెట్టు తోకకు అదిమిపట్టి కూర్చుంది. ఈ పనిలో బయటివాళ్ళకు లోపలివాళ్ళు కనబడరు. రేకు మీద తట్టడమే మాట. ఒకసారి తడితే రివెట్టు కూర్చుందని, రెండుసార్లు తడితే ఇంకా కొట్టమని.

లోపలినుంచి రెండుసార్లు తట్టింది.

రివెట్టు అప్పటికే కూర్చుంది. ఆ సంగతి ఎరకమ్మ చేతికి తెలుస్తూనే ఉంది. అయినా గన్నును చట్రానికి కట్టిన కొయ్యముక్క మీదికి జరిపి మీట వదలకుండా నొక్కింది. ఆ మోతలో కూతురి దగ్గు కలిసిపోయింది. తల ఎత్తి చూసింది. షెడ్డు చూరుకు వేలాడుతున్న ఊపిరికాయ పచ్చగానే ఉంది.

కింది ఊళ్ళన్నిటినీ సముద్రం మింగాక మిగిలినవాళ్ళందరూ కొండమీది పేటలో, పేటంతటినీ మూసిన కప్పు కింద, ఒకే గాలి పంచుకుని బతుకుతున్నారు. ప్రతి గదికీ ఒక ఊపిరికాయ. దగ్గు వినబడితే అది ఎర్రబడుతుంది. కాసేపటికి, దగ్గినవాళ్ళను వేరుగా ఉంచే విడిదినుంచి మనుషులు వస్తారు. ఎరకమ్మ భర్త సోములును అలాగే తీసుకుపోయారు. చివరి రోజుల్లో ఆయన దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని పడుకునేవాడు. విడిదికి వెళ్ళినవాళ్ళ గాలి వాటా మర్నాడే వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది. తిరిగొచ్చినవాళ్ళు లేరు.

పాతవస్తువుల శాలవాళ్ళు బురదలోంచి తీసిన వస్తువులను, గాజుగదుల్లో జనానికి చూపించేముందు, బాగుచెయ్యడానికి కుటుంబాలకు పంచుతారు. ఎరకమ్మ కుట్టుమిషను వద్దని, చక్రాలున్న ఈ ఇల్లుబండిని అడిగి తీసుకుంది. వెనకటి రోజుల్లో జనం దీన్ని కారుకు తగిలించుకుని ఊళ్ళు తిరిగేవారట. రెండు వరసల రేకు, మధ్యలో దూది. పైరేకు బిగించడం పూర్తయితే, తలుపు వేశాక లోపలి చప్పుడు బయటికి రాదు; అంతదాకా గన్ను మోతే అడ్డు. దానికి కాయ కూడా లేదు. వానలప్పుడు నూకరత్నానికి దగ్గు పట్టుకున్నప్పటినుంచి ఆ పిల్ల పగలంతా అందులోనే ఉంటోంది. లోపల తుప్పు గీకింది, మడతమంచానికి నవారు అల్లింది, జానెడు కిటికీకి పూల తెర కుట్టింది.

"వదినా, ఇరుసుకి గ్రీజెట్టి గ్రీజెట్టి నా సేతులు మసిబొగ్గులైపోనాయి," అన్నాడు గవరయ్య బండి కిందనుంచి. సోములు తమ్ముడతను. "ఇది ఎల్లేది గాజుగదిలోకి. దానికి సక్రం తిరిగితే ఏటి, తిరక్కపోతే ఏటి?"

"ఎందుకూ పనికి రాపోయినా నిన్ను మీ ఆవిడ ఏలుకోట్లేదేటి? ఇదీ అంతే. పెట్టు."

బండి లోపల నూకరత్నం నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి మళ్ళింది. ఎరకమ్మ గబుక్కున మీట నొక్కింది.

అప్పుడే తనిఖీలు చేసే అనసూయ షెడ్డులోకి వచ్చింది. బూడిదరంగు కోటు, చేతిలో చిన్న పెట్టె.

"బాగా మెరుస్తోంది ఎరకమ్మా. అద్దంలా ఉంది."

"ఇంకా పైరేకు ఉండిపోనాదమ్మగారూ."

"అది తర్వాత చేసుకో. తలుపున్న ప్రతి వస్తువుకీ కాయ బిగించాలని ఉత్తర్వు వచ్చింది. మనిషి పట్టే చోటు ఉంటే చాలు." అనసూయ ఎరకమ్మ ముఖంలోకి చూడకుండానే బండెక్కింది. పెట్టెలోంచి కాయ తీసి మడతమంచం పైన బిగించింది. "కాయ కుదురుకోవాలంటే లోపల ఒకరుండాలి. నువ్వే కూర్చోమ్మా. మామూలుగా ఊపిరి తీసుకో, అంతే." నూకరత్నానికి అలా చెప్పి, దిగి తలుపు వేసింది.

గవరయ్య బండి కిందనుంచి తల బయటపెట్టి వదిన వంక చూశాడు.

లోపలినుంచి నూకరత్నం రేకు మీద రెండుసార్లు తట్టింది.

ఎరకమ్మ గన్ను ఎత్తింది. మోత షెడ్డంతా నిండింది.

"ఆపు! అది వింటోంది!" అనసూయ అరిచింది.

"ఈ రివెట్టు వదులుగా ఉన్నాదమ్మగారూ!"

"సక్రం సీల కూడా ఊడిపోతన్నాది!" అంటూ గవరయ్య సుత్తితో ఇరుసును బాదడం మొదలుపెట్టాడు.

బయట, కాయలు విన్నదంతా లెక్కగట్టే కాపుస్తంభం గొంతు మెత్తగా పలికింది. "లెక్క కుదరలేదు. ఆవరణలో శబ్దం ఆపండి."

మరుక్షణం గన్ను ఎరకమ్మ చేతిలో చచ్చిపోయింది. ఆవరణలోని పనిముట్లన్నిటికీ కరెంటు తీసేశారు. పక్క షెడ్లలో రంపాలు, మోటార్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. అనసూయ గవరయ్య చేతిలోంచి సుత్తి లాక్కుంది. అంత నిశ్శబ్దం ఆ ఆవరణలో ఎవరూ ఎరగరు.

లోపలినుంచి మళ్ళీ రెండుసార్లు తట్టింది. మళ్ళీ రెండుసార్లు, ఈసారి నీరసంగా.

ఎరకమ్మ రేకు మీద చెయ్యి వేసింది. రేకు సన్నగా వణుకుతోంది. లోపల పిల్ల ఊపిరి బిగబట్టి కొట్టుకుంటోంది. దుప్పటి కుక్కుకున్న సోములు ముఖం, నల్లబడిన ఆ పెదవులు ఆమె కళ్ళముందుకొచ్చాయి. ఆ రాత్రులన్నీ పక్కనే పడుకుని ఆమె అతనికి చెప్పిన మాట ఒక్కటే: ఆపుకో.

తలుపు లాగింది.

నూకరత్నం కిటికీ తెర పీకి నోట్లో కుక్కుకుంది. కళ్ళు బయటికొచ్చేలా ఉన్నాయి. ఎరకమ్మ ఆ గుడ్డను లాగేసింది.

"దగ్గమ్మా."

పిల్ల తల అడ్డంగా ఊపింది, చూపుడువేలుతో పైన కాయను చూపించింది.

"ఇననీ. దగ్గు తల్లీ."

నూకరత్నం దగ్గింది. నెలల తరబడి దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడ్డట్టు ఒళ్ళంతా కుదిపేసే దగ్గు. ఎరకమ్మ వీపు నిమురుతూ ఉండిపోయింది. మంచం పైన కాయ ఎర్రబడింది. షెడ్డు చూరులో కాయ ఎర్రబడింది. కాపుస్తంభం దీపం తిరిగి వాళ్ళ గుమ్మం మీద ఆగింది.

అప్పుడు పక్క షెడ్డులోంచి ఎవరో మగమనిషి దగ్గాడు. ఆపుకోబోయాడు, ఆగలేదు. దాని అవతల మరొకరు. ఆ చివర ఎవరో ముసలమ్మ, ఇక మొహమాటం లేకుండా, గొంతు తేటపరుచుకుని మరీ దగ్గింది. దీపం అటు తిరిగింది, ఇటు వచ్చింది, రెండు షెడ్ల మధ్య ఖాళీ నేల మీద నిలిచిపోయింది.

"లెక్క..." అంది స్తంభం. ఆ పైన మాట రాలేదు.

అనసూయ గుమ్మంలో నిలబడి ఉంది. దగ్గు బయటికి రాకుండా అరచెయ్యి నోటికి గట్టిగా అదుముకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళనిండా నీళ్ళు.

ఎరకమ్మ ఆమెను చూసింది. కూతురిని దగ్గరకు తీసుకుని మంచం మీద కాస్త జరిగింది.

"రండమ్మగారూ," అంది. "ఇలాగొచ్చి కూకోండి."