ముందుపాకం

నీటి లిపిక ఉడికింది. బియ్యం లిపిక ఉడికింది. మందుల లిపిక ఎప్పటిలాగే మొరాయించి, మళ్ళీ మళ్ళీ పిలిస్తే గానీ పలకలేదు. పంపిణీ కిటికీ దగ్గర అడిగినదానికి జవాబిచ్చే ఈ ప్రోగ్రాములను నూకరత్నం ఒక్కొక్కటిగా ఉత్తుత్తి మనిషి పేరు మీద పిలిచి లేపుతోంది. ఆ లేని మనిషికి రోజూ తొలి బిందె నీళ్ళు, తొలి సోలెడు బియ్యం, తొలి జ్వరం మాత్ర మంజూరవుతాయి. మెరకపట్నంలో అంత మర్యాద దక్కే పౌరుడు మరొకడు లేడు.

రాత్రిళ్ళు కరెంటు ఉండదు కాబట్టి లిపికలను నడిపే కంప్యూటరు, అదే సేవికం, పొద్దుగూకగానే కొండెక్కుతుంది. వండిన పాకమంతా దాంతోపాటే చెరిగిపోతుంది. తెల్లవారి సౌర పలకల మీద ఎండ పడగానే లిపికలన్నిటినీ పచ్చి సరుకు నుంచి మళ్ళీ ఉడికించుకోవాలి. ముందే వండి పెడితే కిటికీ దగ్గర అడిగినవాడికి రెప్పపాటులో జవాబు వస్తుంది. వండకపోతే ఆ మొదటివాడు వంట పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి మాడాలి. ఈ ఎండలో మాడడమంటే మాటవరసకు అనేది కాదు.

చివరగా, తప్పిపోయినవాళ్ళను వెతికే ఆచూకీ లిపికను పిలవబోతుండగా పైడిరాజు లోపలికి వచ్చాడు. సేవికానికి పెద్ద ఆయనే.

"దాన్ని వదిలెయ్యమ్మా. ఇయాల్టి నుంచి ముందుపాకంలో ఆచూకీ లేదు."

"తీసేసారా బాబూ?"

"తియ్యలేదు. కిటికీ ఉంటాది. ఎవరైనా అడిగితే అప్పుడే ఉడుకుతాది. మిగతా లిపికలన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. కొండల మీది పట్నాలన్నిటినీ పలకరించి రావాలి కదా. అది ఉడికేదాకా నీళ్ళ తలుపులు కూడా తియ్యలేకపోతన్నాం. నిన్న నీళ్ళ వరసలో ఎండదెబ్బకి చంటిపిల్ల పోయింది, ఎరుగుదువా?"

ఎరుగును. తల్లి అరిచిన అరుపు లోపలిదాకా వినిపించింది.

"అడిగినప్పుడే ఉడకాలంటే అంతసేపు కిటికీ ఆగదండి," అంది నూకరత్నం. "జవాబు ఆలస్యమైతే తెంపేస్తాది. సగం ఉడికింది పారబోసి, కాసేపాగి రండి అంటాది. మళ్ళీ వస్తే మళ్ళీ మొదటి నుంచి. అలాగైతే అది ఏనాటికీ ఉడకదు."

"తెలుసు," అన్నాడు పైడిరాజు. ఆమె వైపు చూడలేదు. "దొరికినోళ్ళు దొరికేసారమ్మా. ఉప్పెనొచ్చి ఎన్నాళ్ళయిందీ? రోజూ లేదు, లేదు అని చెప్పించుకోడం కంటే అదే నయం."

నూకరత్నం ఆచూకీని పిలవకుండానే ముందుపాకం ముగించింది. తనకు వెతుక్కోవాల్సినవాళ్ళు లేరు. మొగుడూ ఇద్దరు కొడుకులూ ఉప్పెన మర్నాడే దొరికారు. తనే గుర్తుపట్టింది. ఆచూకీ కిటికీ ముందు నిలబడేవాళ్ళను చూస్తే ఆమెకు జాలికన్నా ముందు అసూయ కలిగేది. అడగడానికి వాళ్ళకింకా ఒక పేరు మిగిలింది.

ఆ రోజు తలుపులు పెందరాళే తెరుచుకున్నాయి. నీళ్ళు పట్టుకుని నీడకు చేరినవాళ్ళు పైడిరాజును చల్లగా ఉండమని దీవించారు. అబద్ధమాడడం దేనికి, నూకరత్నం మనసు కూడా తేలికపడింది.

ఎర్రయ్యమ్మ వచ్చేదాకా అంతే. ఉప్పెన నాడు ఆమె ఒక పడవెక్కితే కూతురు లోవ మరో పడవెక్కింది. ఆమె రోజూ వచ్చి ఆ పేరూ వివరాలూ చెబుతుంది, లేదనిపించుకుంటుంది, చెంగుతో మొహం తుడుచుకుని నీళ్ళ వరసలోకి పోతుంది. ఆ రోజు కిటికీ లేదనలేదు. కాసేపాగి రండి అంది. ఎర్రయ్యమ్మ మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట. నూకరత్నం లోపల ఉండలేక బయటికి వచ్చింది.

"ఇన్నావేటమ్మా!" ఎర్రయ్యమ్మ ఆమె చేతులు పట్టేసుకుంది. "రోజూ నేదు, నేదు అనీది. ఇయాల ఆగమంతంది. నేని మనిసి కోసం ఆగమంతాదేటి? మా లోవ ఏడనో కనపడిపోనాది. ఆరా తీత్తన్నారు!"

"అది కాదమ్మా, అదీ..."

ఉడకని లిపిక సంగతీ, తెంపే కిటికీ సంగతీ ఆ మొహం చూస్తూ చెప్పడం ఆమె వల్ల కాలేదు. పిరికితనమే, మరో పేరు లేదు.

సాయంత్రానికి ఆ కబురు గుడిసెలన్నీ చుట్టేసింది. ఏనాడో ఆశ వదులుకున్నవాళ్ళు కూడా మళ్ళీ వచ్చారు. రోజులు గడిచేకొద్దీ ఆచూకీ వరస నీళ్ళ వరసను మించిపోయింది. అందరినీ కిటికీ ఆగమంది, అందరూ సంబరపడ్డారు. ఒకాయన పెళ్ళాం కోసం గాజులు కొని, దారిన పోయేవాళ్ళందరికీ చూపించాడు. ఎర్రయ్యమ్మ తన వంతు పోతుందని నీళ్ళకు వెళ్ళడం తగ్గించి, ఆనక పూర్తిగా మానేసింది. పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. చెంబిస్తే పక్కకు నెట్టి, "లోవ ఒచ్చినాక తాగుతాను" అంది.

"చూసావా, ఎంత సంతోషంగా ఉన్నారో," అన్నాడు పైడిరాజు. అందులో వెటకారం లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నూకరత్నానికి ఒళ్ళు జలదరించింది.

మర్నాడు పలకల మీద ఎండ పడగానే ఆమె లోపల గడియ పెట్టుకుని ఆచూకీ లిపికను అన్నిటికన్నా ముందు ఎక్కించింది. దాన్ని మధ్యలో దింపితే సేవికమంతా మొదటికొస్తుంది, ఎవరూ సాహసించరు. పొద్దెక్కింది. తలుపులు తెరుచుకోలేదు. పైడిరాజు తలుపు బాదుతున్నాడు.

"నీళ్ళు ముందు పెట్టమ్మా! పిల్లలున్నారమ్మా వరసలో!"

పిల్లలున్నారని ఆమెకు తెలుసు. అయినా గడియ తియ్యలేదు. ఉడికిన ఆచూకీ తొలి పిలుపు అడిగింది. ఉత్తుత్తి మనిషి పేరు చెప్పకుండా లోవ పేరు, ఊరు, వయసు చెప్పింది. కొండల మీది పట్నాలు ఒక్కొక్కటీ బదులు పలికాయి. లేదు. లేదు. చిట్టచివరి పట్నం కూడా లేదనే అంది.

పెరటి తలుపు తీసుకుని నూకరత్నం కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎర్రయ్యమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అన్ని పట్నాలూ అడిగానమ్మా. లోవ ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ ఆగమన్నది నీ పిల్ల దొరికి కాదు. మా వంట కాక."

ఎర్రయ్యమ్మ గోడ వదిలి ఆమె వైపు తిరిగింది.

"నిన్నటిదాకా ఉన్నాది కదమ్మా," అంది. "నీకేటి అన్నేయం సేసినాను?"

నూకరత్నం ఆమె పక్కన నేలమీద కూలబడింది. తన సీసా మూత తీసి నీళ్ళు ఆ పెదాల దగ్గర పెట్టింది. ఈవిడ ఒక్క గుక్క మింగేదాకా లేవకూడదనుకుంది. మూసిన నీళ్ళ తలుపు ముందు జనం అరవడం మొదలుపెట్టారు. పైడిరాజు ఆమెను పేరు పెట్టి పిలుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. నూకరత్నం సీసా అలాగే పట్టుకుంది. ఎర్రయ్యమ్మ నోరు తెరవలేదు.