కూడబలుక్కుని చదివే దెయ్యం

"దీపమమ్మ దీపం, గూటిలోన దీపం
గాలి వచ్చి అడిగితే ఊ అనకే దీపం
నీడ వచ్చి పిలిచితే..."

నీడ వచ్చి పిలిస్తే దీపం ఏం చెయ్యాలో చీపురమ్మకి ఎప్పుడూ గుర్తొచ్చేది కాదు. చిన్నప్పుడెప్పుడో విన్న పాట. మూడో వరుస దగ్గర నోరు ఆగిపోయేది, మళ్ళీ మొదటికొచ్చేది. చీకటి పడ్డాక గానుగ గది పక్కనుంచి నడవాల్సి వస్తే మాత్రం ఆ రెండు వరుసలే ఆమెకి దిక్కు.

ఆ గదికి అంత చెడ్డపేరు వచ్చేసింది మరి.

ఒకప్పుడు అందులో నూనె గానుగ ఆడేదిట. అది మూలపడ్డాక గది ఖాళీగా ఉండిపోయింది. ఊళ్ళో క్షవరాలు చేసే తాత ఉండేవాడు. వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఊరికే ఆవులిస్తుంటే చూడలేక ఓ పాత పేపరు తెచ్చి పెట్టాడు. పేపరు పక్కన ఒక పుస్తకం చేరింది. దాని పక్కన ఇంకోటి. గడ్డం మొలవనివాళ్ళు కూడా వచ్చి కూర్చోవడం మొదలెట్టాక, తాత పుస్తకాలన్నీ మూటగట్టి ఈ గదిలోకి మార్చాడు. అలా పుట్టింది ఆ ఊరి గ్రంథాలయం. పాత పుస్తకం ఏది తెరిచినా ఇప్పటికీ నూనె వాసనే.

పొద్దుగూకాక తాత లాంతరు వెలిగించి, చదువు రానివాళ్ళ కోసం పైకి చదివేవాడు. అదీ ఆ గది పద్ధతి. సగం ఊరు అరుగు మీదే ఉండేది. గది ఊడ్చే చీపురమ్మ గుమ్మానికి ఆనుకుని వినేది. అందరికీ ఇష్టమైన పడవవాడి కథ ఎన్నిసార్లు విందో... ఒక్క అక్షరం రాకపోయినా మొదట్నుంచి చివరిదాకా నోటికి వచ్చేసింది. తాత ఎక్కడ పేజీ తిప్పుతాడో, ఎక్కడ దగ్గుతాడో, అదీ వచ్చేసింది.

ఒక సాయంత్రం తాత కుర్చీలోనే పోయాడు. కళ్ళజోడు ముక్కుమీదే ఉంది. పుస్తకం ఒళ్ళో తెరిచే ఉంది.

నెల తిరిగిందో లేదో — దెయ్యం మొదలైంది.

మొదట విన్నది పాలావిడ. తెల్లవారకముందే పాలకి బయల్దేరితే, తాళం వేసి ఉండాల్సిన గదిలోంచి ఎవరో చదువుతున్నారుట. ఒక్కో అక్షరం... ఆగి... ఒక్కో అక్షరం. మొదటిరోజు గొంతు మాత్రమే విన్నానంది. రెండోరోజుకి దానికి తెల్లబట్టలు వచ్చాయి. వారం తిరిగేసరికి కాళ్ళు వెనక్కి తిరిగాయి.

ఇంకేముంది, పగలు కూడా గదికి ఎవరూ రావడం మానేశారు. గ్రంథాలయం కమిటీ ప్రెసిడెంటుగారు ఒక్కరే వచ్చేవారు. ఇరవై ఏళ్ళుగా ఆయనే ప్రెసిడెంటు. పొద్దున్నే వచ్చి, వాకిట్లో కుర్చీ వేయించుకుని, పేపరు ఇలా విప్పి, అలా మడిచి, దేశం ఎటు పోతోందో ఏమిటో అని నిట్టూర్చి లేచేవారు. ఆయన నిట్టూర్పు వింటేనే వార్తలన్నీ తెలిసిపోయినట్టుండేది.

అదే అదనని సిమెంటు వ్యాపారి ఒక కాగితం పట్టుకొచ్చాడు. గది కప్పు బాగుచేయిస్తాను, సంతకం పెట్టండి అన్నాడు. చదవకుండా నేను దేనిమీదా సంతకం పెట్టనని ప్రెసిడెంటుగారు నలుగురి ముందూ గట్టిగా అన్నారు. సరే, చదువుకోండి, పై ఆదివారం మీటింగులో పెడుదురుగాని అని కాగితం ఆయన జేబులోనే వదిలి వెళ్ళాడు వ్యాపారి. ఆ ఆదివారానికి ఇంకా పదకొండు రోజులున్నాయి.

చీపురమ్మకి మాత్రం ఆ కాగితమంటే ఎందుకో గుబులు. గదిలోంచి బల్లలు బయటికెళ్ళినా, పుస్తకాలు కదిలినా, ఇంక పడవవాడి కథ ఈ ఊళ్ళో ఎవరి నోటా వినబడదు. అదొక్కటే ఆమె దిగులు.

ఆ రాత్రి కూతురికి జ్వరమంటే చూసి, ఒంటరిగా వస్తోంది. గానుగ గది దగ్గరపడ్డాక పాట ఎత్తుకుంది. రెండు వరుసలు అయ్యాయి... మూడోది రాలేదు.

దాని బదులు లోపలినుంచి వచ్చింది ఇంకో గొంతు.

"ఒ... క... ఏ... టి... ఒ... డ్డు... న..."

చీపురమ్మ అక్కడే ఆగి చూసింది. కిటికీ సందులోంచి సన్నగా వెలుతురు. వాకిలి మూసే ఉంది.

"ఒ... క... ప... డ... వ..."

పడవవాడి కథ! తాతే... తాతే వచ్చాడు. కానీ నాలుగు మాటలు వినేసరికి భయంలోకి జాలి దూరింది. బతికుండగా నీళ్ళు పోసినట్టు చదివేవాడు మనిషి. చచ్చిపోతే చదువు మరీ ఇంత పాడైపోతుందా?

"ప... డ... వ... వా... డి... కి... ప... డ... వ..."

ఆగింది. మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారీ అక్కడే. వింటున్న చీపురమ్మ ప్రాణం విలవిల్లాడింది. నాలుగోసారి ఆమె నోరు ఆమెని అడక్కుండానే అందించేసింది —

"తప్ప వేరే ఇల్లు లేదు."

లోపల కుర్చీ కిర్రుమని జరిగింది. ఆ తర్వాత వణుకుతూ ఒక గుసగుస.

"తా... తాతా... నువ్వేనా?"

చీపురమ్మకి సగం భయం అక్కడే దిగిపోయింది. దెయ్యానికి కూడా దెయ్యమంటే భయం ఉంటుందని ఆమె ఎన్నడూ వినలేదు. తలుపు మీద చెయ్యి వేసి తోసింది. తెరుచుకుంది. బల్లమీద లాంతరు, విప్పిన పుస్తకం. బల్ల కింద దుప్పటి. దుప్పట్లో ప్రెసిడెంటుగారు.

ఊడ్చే చీపురమ్మ దగ్గర ఒకటుంటే, రెండో తాళంచెవి ఆయన దగ్గరే కదా ఉండేది. దెయ్యం గురించి అంతమంది అన్ని రకాలుగా ఆలోచించారు గాని, తాళం గురించి ఒక్కరూ ఆలోచించలేదు.

"మీరు రోజూ పేపరు చదువుతారు కదండీ?" అంది చీపురమ్మ, ఇంకా నమ్మకం కుదరక.

"బొమ్మలు చూస్తాను," అన్నారాయన, దుప్పట్లోంచే.

మెల్లగా అంతా చెప్పుకొచ్చారు. ఆయనకి వచ్చింది సంతకం ఒక్కటే, అదీ ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నది. ఏ కాగితం వచ్చినా గడ్డం గీయించుకునే వంకతో తాతచేత చెవిలో చదివించుకునేవారు. చివరి రోజుల్లో తాత అద్దంమీద సబ్బునురగతో అక్షరాలు రాసి నేర్పాడు. అక్షరాలు వచ్చాయి, వాటిని కలపడం వచ్చేలోగా తాత పోయాడు. ఇప్పుడు జేబులో సిమెంటాయన కాగితం ఉంది. అందులో ఏముందో తెలియదు.

ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు కదా అంది చీపురమ్మ.

ఆయన లాంతరు వత్తి తగ్గించారు. "గ్రంథాలయం ప్రెసిడెంటుకి చదువు రాదని... ఎవరి దగ్గర మొదలెట్టమంటావు చెప్పడం?"

ఆయనకి అక్షరాలు తెలుసు, మాటలు తెలియవు. ఆమెకి మాటలన్నీ తెలుసు, అక్షరాలు తెలియవు. ఇద్దరినీ కలిపితే ఒక మనిషికి సరిపడా చదువు. ఆనాటినుంచి రోజూ రాత్రి ఆమె కథ చెబుతూ వెళ్ళేది, ఆయన వేలు పెట్టి అక్షరాలు వెతుక్కునేవారు. వేలు ఆగినచోట ఆమె కూడా వంగి చూసేది. ఇన్నేళ్ళూ తను రోజూ దుమ్ము దులిపింది వీటినేనా! అంత పెద్ద పడవ మూడంటే మూడు అక్షరాల్లో పట్టేసిందా! ఆ ఆశ్చర్యంలో ఆమెకి నిద్ర కూడా వచ్చేది కాదు.

ఊళ్ళో కబుర్లు ఊరుకుంటాయా? పాలావిడ చీపురమ్మని నూతి దగ్గర ఆపి మరీ చెప్పింది.

"ఇప్పుడు ఆడగొంతు కూడా వినబడుతోంది వదినా. తాత పెళ్ళాం కూడా వచ్చి చేరినట్టుంది. పాపం, కాపురం పెట్టేశారు."

చీపురమ్మ బిందెలో మొహం దాచుకుంది.

పదో రాత్రి కథ పక్కన పెట్టి కాగితం విప్పారు. నోటికొచ్చిన కథ కాదు కాబట్టి ఈసారి ఆమె సాయం లేదు. తెల్లవారుజాము దాకా పట్టింది. కప్పు బాగుచేయడం ఉంది, అబద్ధం కాదు. దాని కింద — గది సిమెంటు బస్తాలకి, పుస్తకాలు తూకానికి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆదివారం అరుగు నిండిపోయింది. వ్యాపారి కలం అందించాడు. ప్రెసిడెంటుగారు కాగితం అలాగే పట్టుకుని, పుస్తకాలు పోతాయిట అన్నారు. పోతే పోనీండి, దెయ్యం పట్టిన గది, వదిలితే అదే పదివేలు అన్నారు నలుగురూ. పాలావిడ తల అందరికంటే గట్టిగా ఊగింది.

ఆయన చీపురమ్మ వైపు చూశారు. ఆమె మాత్రం ఏమనగలదు? దెయ్యం లేదని ఎవరు చెప్పినా నమ్మరు. ఆ దెయ్యమే వచ్చి చెప్పాలి.

ప్రెసిడెంటుగారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని —

"ఈ... గ... ది... లో... ని... పు... స్త... కా... లు..."

ఎవరి చేతిలోంచో చెంబు జారి దొర్లుకుంటూ పోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, అయినా ఆపలేదు. చివరి అక్షరం దాకా చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి వ్యాపారి చేతిలో పెట్టేశారు.

"అదే గొంతు..." అంది పాలావిడ నెమ్మదిగా. ఆయన కాళ్ళవైపు వంగి చూసింది. "మరి పాదాలు ముందుకే ఉన్నాయే?"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వు మొదలయ్యాక ఆయన కూడా ఆపుకోలేకపోయారు. మరి ఆ ఆడగొంతు ఎవరిదని ఎవరో అడిగారు. చీపురమ్మ కొంగు మొహాన కప్పుకుంది. అంతే, వాళ్ళకి సమాధానం దొరికిపోయింది.

వ్యాపారి బస్తాలు ఇంకెక్కడో దించుకున్నాడు. గదిలో మళ్ళీ సాయంత్రం చదువులు మొదలయ్యాయి, ఒక రోజు ఆయన, ఒక రోజు ఆమె. ఎక్కడైనా ఆగితే అరుగంతా కలిసి అందించేది. అలా చాలా ఏళ్ళు నడిచింది.

ఆయన మంచం పట్టాక చీపురమ్మ రోజూ వెళ్ళి చదివి పెట్టేది. ఆ వారమే కొత్త పుస్తకం ఒకటి వచ్చింది. సగం అయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి పేజీ మీద పెట్టారు.

"అక్కడితో ఆపు చెల్లెమ్మా. గుర్తుగా ఆ పేజీ మూల మడిచి, వెళ్ళేటప్పుడు పుస్తకం గదిలో బల్లమీద పెట్టెయ్యి... మిగతాది రాత్రికొచ్చి నేనే చదువుకుంటాను."