గిజిగాడు దిగిన బిలం

సూర్యుడు నల్లమల నడినెత్తిన నిలిచిన వేళ, అడవి లోపలినుంచి ఏదో కన్ను గీటింది.

కొండకొమ్మున కూర్చున్న మద్దిలేటి ఒళ్ళో చిన్న తెర ఉంది. తెరలో అడవి పచ్చగా, మెత్తగా, నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా జరుగుతోంది. పైన గద్దలకు కూడా అందనంత ఎత్తున అతని మానవరహిత విమానం చప్పుడు లేకుండా తేలుతోంది. కార్చిచ్చు పాకే దారులు గుర్తించి ఇమ్మని అడవి శాఖవాళ్ళు ఒప్పజెప్పిన పని అది. తెర మధ్యలోకి చెట్లు లేని బండపరుపు వచ్చింది. దాని నడుమ నల్లని బిలం. ఎండ అందులోకి దిగేసరికి అడుగున నీళ్ళు తళుక్కుమన్నాయి. నీళ్ళ అవతలి అంచున, బండ కిందికి ఒదిగిపోయే చోట, రెండు పసుపుపచ్చని చుక్కలు ఒకదాన్నొకటి అంటుకుని మెరిసి, ఎండ జరగగానే ఆరిపోయాయి.

"ఆపు! ఆపరా దాన్ని!" వెనకనుంచి కేక.

ఆపడానికి అదేమన్నా బస్సా, చెయ్యెత్తితే ఆగడానికి? అది వంపు తిరిగి దాని దారిన అది పోయింది. కేక వేసినవాడు ఓబులేశు, మద్దిలేటికి అక్కమొగుడు, ఆ పూట బామ్మర్దికి సద్ది మోసుకొచ్చిన మనిషి. తిరునాళ్ళలో స్టీలు సామాన్లు అమ్ముతాడు. పొద్దంతా గిన్నెలు అమ్మి, కళ్ళు మూస్తే లంకెబిందెలను కలగంటాడు.

"లంకెబిందెలు రా అవి! జంటగా ఉండాయి, సూసినావా? నేను గిన్నెలోణ్ణి, మెరుపు సూసి సెప్తా, అది స్టీలు కాదు, ఇత్తడి కాదు."

మద్దిలేటి ఓబులేశును పేరు పెట్టి పిలవడు, వరస కలిపీ పిలవడు. గోడతో చెప్పినట్టు చెప్తాడు. అందుకు కారణం ఉంది. అక్క చౌడేశ్వరికి తొలి కాన్పులో బిడ్డ దక్కని రోజున ఈ మహానుభావుడు ఏ పాడుబడ్డ కోటలోనో పలుగు పట్టుకుని ఉన్నాడు. కబురు అంది వచ్చేసరికి అంతా అయిపోయింది. అక్క క్షమించింది. తమ్ముడికి మాత్రం ఆ మంట ఆరలేదు.

ఇప్పుడు చౌడక్క మళ్ళీ నిండు చూలాలు. ఆ సాయంత్రం విషయం విని ఆమె తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"ఆయప్ప ఆగడు రా. వద్దంటే సెప్పకుండా పోతాడు. నువ్వు తోడుపో. బంగారం నాకొద్దు, పిడికెడు మట్టి కూడా వద్దు. నా బిడ్డ పుట్టేటప్పుడు వాళ్ళ నాయిన ఇంట్లో ఉండల్ల. అది నీ బాధ్యత."

మద్దిలేటి తలూపాడు. పైగా అతనికి తన యంత్రం మీద గట్టి నమ్మకం. మనిషి దిగాల్సిన పని లేకుండా ఎంత లోతైనా అదే దిగివస్తుందని అతని ధీమా.

దాని పేరు గిజిగాడు. సొరకాయంత మొండెం. మొండేనికి పక్కలా, కడుపు కిందా, ముక్కు దగ్గరా అన్నీ ఒకే కొలత బిగింపులు. ఏ భాగమైనా సరే, పెట్టి ఒక్క మెలిక తిప్పితే టక్కున కూర్చుంటుంది. పొడుగు రెక్కలు తగిలిస్తే గాలిలో తేలుతూ పోతుంది. అవి తీసి నాలుగు పంకాలు పెడితే ఉన్నచోటే నిలబడి సందుల్లో దూరుతుంది. కడుపు కింద కెమెరా కావాలా, దీపం కావాలా, వస్తువు పట్టే గోళ్ళు కావాలా, అన్నీ ఒక బుట్టలో సిద్ధం. పనికొక విమానం కొనలేక జనం అల్లాడుతుంటే, ఒకప్పుడు చౌడక్క అంది. "పెండ్లికి పట్టుచీర, సేనుకు నూలుచీర. చీర మారుస్తాం గానీ మనిషిని మారుస్తామా?" ఆ మాట పట్టుకుని మద్దిలేటి ఏళ్ళు ధారపోశాడు. లోకంలో ఉన్న గిజిగాడు అదొక్కటే. రెండోది లేదు.

మర్నాడు తెల్లవారీ వారకముందే ముగ్గురు అడవిలో అడుగుపెట్టారు. మూడోవాడు బయన్న, తేనె తీసే చెంచు. భుజాన తీగతాడు చుట్ట, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ఆకు.

వానలు వెనకబట్టిన అడవి అది. మంచు చెట్ల నడుమ నిలిచి, మనిషి దగ్గరికి పోతే పక్కకు తప్పుకున్నట్టు తప్పుకుంటోంది. నల్లమద్ది మొదళ్ళు తడిసి వెండిరంగు తిరిగాయి. టేకుపూలు గాలి లేకుండానే రాలి భుజాలమీద వాలుతున్నాయి. ఎక్కడో నెమలి కూసింది, ఆ కూత లోయలో దిగి, అవతలి కొండ ఎక్కి, మరెవరిదో గొంతులా తిరిగివచ్చింది. నడుస్తున్నామో, అడవే తమను మోసుకుపోతోందో తెలియని మత్తు ముగ్గురినీ కమ్మింది. వెదురుపొదలు దాటేసరికి బండపరుపు వచ్చింది. దాని నడుమ బిలం నోరు తెరుచుకుని చల్లగా ఊపిరి వదులుతోంది.

మద్దిలేటి అంచున బోర్లాపడుకుని తొంగిచూశాడు. తాటిచెట్టంత లోతు. అడుగున రాళ్ళకుప్ప, దాన్ని ఆనుకుని నీళ్ళు. నోటి పక్కనే పెద్ద తేనెతుట్టె నల్లగా వేలాడుతోంది.

"ఈగ ఉందా?" అడిగాడు.

బయన్న చిన్న రాయి విసిరి చూశాడు. "లేదు సామీ. వట్టి తుట్టె. ఎప్పుడో ఎగిరిపాయె."

మద్దిలేటి రెక్కలు తీసి పంకాలు బిగించాడు, ముక్కుకు దీపం, కడుపు కింద గోళ్ళు. గిజిగాడు గుర్రుమంటూ లేచి, బిలంలోకి దిగి, చీకట్లో మినుకుమనే చుక్క అయింది. ముగ్గురి తలలూ తెరమీదికి వంగాయి. అబ్బ! ఏమి లోకం అది! పాలు గడ్డకట్టినట్టు తెల్లని రాతిస్తంభాలు. పైకప్పునుంచి రాతిజడలు. నీళ్ళు ఎంత నిలకడగా ఉన్నాయంటే, గిజిగాడి దీపం ఒకటి పైన, ఒకటి కింద, రెండూ జంటగా ఎగురుతున్నాయి. నీళ్ళమీద నీలం రంగు వెలుగు పొగలా పాకుతోంది. ఓబులేశు రెండు చేతులూ జోడించాడు, ఎందుకో అతనికే తెలియదు.

వంపు తిరిగిన చోట, రాతిగట్టు మీద, అవి కనిపించాయి. చెంబులంత రెండు బిందెలు, మెడలకు ఒకే గొలుసు, మూతలమీద సున్నపుపొర.

అంతలో తెర బూడిదరంగుకు తిరిగింది. మద్దిలేటి వేళ్ళు రిమోట్ మీటను గబగబా వెనక్కి లాగితే ఎట్లాగో గిజిగాడు వంపు ఇవతలికి వచ్చి పైకి చేరింది.

"బండ అడ్డమొచ్చి సైగ అందడం లేదు. లోపల నిలబడి, సైగ అందుకుని అవతలికి పంపే ఈ డబ్బా ఎత్తిపట్టుకునేవాళ్ళు ఒకరుండాలి. అప్పుడే నా మాట దానికి చేరుతుంది" అన్నాడు, గోడతో చెప్పినట్టే.

"నేను దిగుతా!" ఓబులేశు అప్పటికే పంచె ఎగ్గట్టాడు. అన్ని భాగాలూ ఆలోచించిన మద్దిలేటి డబ్బా ఎత్తిపట్టే ఆ ఒక్క భాగం బుట్టలో వేసుకురాలేదు. చివరికి గిజిగాడికి తగిలించిన కొత్త భాగం బావగారే అన్నమాట.

బయన్న తాడు చుట్ట విప్పి, ఒక కొస ఓబులేశు నడుముకు కట్టి, తాడును మద్దిచెట్టు మొదలుకు చుట్టబెట్టి, రెండో కొస మద్దిలేటికి అందించబోయాడు.

"నువ్వే పట్టుకో బయన్నా. నీకు అలవాటు కదా."

"నేను పట్టను సామీ. ఆయన పెండ్లాం నాకేమైతాది?"

మద్దిలేటికి అర్థం కాలేదు.

"మా తావున తేనెకు దిగేటోని తాడు బామ్మర్దే పట్టాల. తోడబుట్టినదాని బొట్టు సెరుపుకునేటోడు ఉంటాడా? నా బామ్మర్ది నాతో మాట్లాడక ఏండ్లాయె. ఊళ్ళో ఎదురుపడితే ఉమ్మేసి పోతాడు. కొండకాడ తాడు మాత్రం వాడే పడతాడు. ఏమాటకామాట, ఆ తాడు ఎన్నడూ జారలే."

మద్దిలేటి మొహం ఎర్రబడింది. ఓబులేశు నేల చూశాడు. పని కానివ్వాలి గనుక మద్దిలేటి తాడు అందుకుని, బరువు చూసుకుంటూ మెల్లగా వదిలాడు. ఓబులేశు రాళ్ళకుప్పమీద కాలు మోపి, డబ్బా పైకెత్తి, "దిగినా!" అని అరిచాడు. మద్దిలేటి తాడుకొసను కాలికింద తొక్కిపెట్టి, రెండు చేతులా రిమోట్ తీసుకున్నాడు.

గిజిగాడు మళ్ళీ దిగింది. ఈసారి వంపు దాటినా తెర చెదరలేదు.

"ఎడమకి! ఇంకొంచెం! ఆ, దించు, దించు! పట్టె! పట్టె రా!" కిందినుంచి ఓబులేశు దారి చూపాడు.

గోళ్ళు గొలుసును కరిచాయి. గిజిగాడు లేవబోయింది. సున్నపుపొర పెళ్ళున విరిగింది, బిందెలు గట్టు వదిలాయి. బరువుకు నాలుగు పంకాలూ హోరెత్తాయి. గుహ మొత్తం ఆ హోరును అందుకుంది. అందుకున్న హోరుకు లోపలినుంచి మరో హోరు తోడయింది.

"ఈగ లేచింది!" బయన్న గొంతు చిరిగింది. "లోపల ఇంకో తుట్టె ఉండాది! నేను సూడలే సామీ, తప్పు నాదే! పొగ పెట్టాల!" అని పచ్చి ఆకు కోసం పొదల్లోకి ఉరికాడు.

బిలం అడుగున నల్లని మబ్బు సుడి తిరిగింది. ఓబులేశు ఒక చేత్తో మొహం కప్పుకున్నాడు. రెండో చేయి, డబ్బా ఉన్న చేయి, అట్లాగే పైకి నిలిచి ఉంది.

"తాడు పట్టుకో! లాగుతున్నా!" మద్దిలేటి అరిచాడు.

"వద్దు! నేను డబ్బా దించితే నీ పిట్ట నీళ్ళపాలు అయితాది! ముందు దాన్ని తెచ్చుకో!"

"బిందెలు పోతే పోనీ!"

"బిందెలు ఎవనికి కావల్ల రా! ఇడిసెయ్ వాటిని! పిట్టను తోలుకో! మళ్ళీ యాడ సేస్తావు అట్లాంటిది!"

మద్దిలేటి మీట నొక్కాడు. గోళ్ళు గొలుసులో చిక్కుకున్నాయి, వదల్లేదు. గిజిగాడు సగం దారిలో బరువుతో ఊగుతోంది. గుహలో దానికి ఆకాశం కనబడదు, దారి తెలియదు. అతని వేళ్ళు ఒక్క క్షణం తీసినా గోడకు కొట్టుకుంటుంది. ఇంకాస్త ఓపిక పడితే వచ్చేస్తుంది. ఇంకాస్తే! కింద ఆ పైకెత్తిన చేతిని నల్లని ఈగలు మోచేతిదాకా గాజుల్లా కప్పేశాయి. అయినా చేయి దిగలేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషిని దుర్మార్గుడనుకున్నాడు మద్దిలేటి. వెర్రివాడు, ఉత్త వెర్రివాడు.

"బావా!"

ఆ కేక ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. రిమోట్ బండమీద పడి ముక్కలైంది. రెండు చేతులూ తాడు మీద పడ్డాయి. కాళ్ళు మద్దిమొదలుకు తన్నిపెట్టి లాగాడు. తాడు జారింది, అరచేతులు భగ్గుమన్నాయి, మళ్ళీ పట్టాడు, మళ్ళీ లాగాడు. లోపల ఠపీమని చప్పుడు. నీళ్ళు పెద్దగా లేచి, చాలాసేపు గోడలను నాకి, నెమ్మదించాయి. అతను అటు చూడలేదు. పొగ తెరలు తెరలుగా బిలంలోకి దిగింది. బయన్న దగ్గుతూ వచ్చి వెనకనుంచి తాడుకు చెయ్యేశాడు. ఇద్దరూ కలిసి ఓబులేశును అంచుమీదికి ఈడ్చి, పొగలో దొర్లించి, వెదురుపొదల్లోకి మోసుకుపోయారు.

బయన్న ఈగల ముళ్ళు లాగి, ఏదో ఆకు నమిలి రసం పూశాడు. ఓబులేశు కళ్ళు వాచి మూసుకుపోయాయి. మూసుకున్న కళ్ళనుంచే నీళ్ళు కారుతున్నాయి.

"పిట్ట పాయె గదరా."

"పోనీ బావా. ఊపిరి ఆడుతోందా నీకు?"

"ఆడతాంది." కాసేపటికి మళ్ళీ అన్నాడు. "అది పడేటప్పుడు బిందె మూత ఊడింది. లోపలుండేది సూస్తి."

బయన్న ఆకు నమలడం ఆపాడు. మద్దిలేటి కూడా ముందుకు వంగాడు.

"ఏముంది?"

ఓబులేశు వాచిన పెదాలతో నవ్వడానికి ప్రయత్నించాడు. "సెప్పను. సెప్తే మళ్ళీ దిగల్ల అనిపిస్తాది. మీకు గాదు, నాకు."

మధ్యాహ్నమైనా చెట్ల కింద మంచు ఇంకా మిగిలే ఉంది. ముగ్గురూ దానిలోనుంచే, ఒకరిమీద ఒకరు ఆనుకుని, తూలుతూ నడిచారు. బయన్న దారిపొడుగునా ఏదో కూనిరాగం తీశాడు. వెనక్కి తిరిగి చూస్తే బండపరుపు ఎటుపోయిందో తెలియలేదు. అడవి ఆ చోటును మళ్ళీ తనలోకి లాక్కుంది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరారు. గడపలో నిలబడ్డ చౌడక్క మొగుడి మొహం చూసి బిత్తరపోయింది.

"మనిషిని తోలుకపోయి గుమ్మడికాయను తెచ్చినావేమిరా!" అంటూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో మొగుడి మొహమంతా తడిమి చూసుకుంది. తర్వాత తమ్ముడి వెంట గిజిగాడు లేదని గమనించింది. అతని అరచేతులు తిప్పి చూసింది. తోలు ఊడి, ఎర్రగా, పుండ్లయి ఉన్నాయి. వెన్న తెచ్చి పూసి, గుడ్డ చుట్టింది.

అన్నాలకు కూర్చున్నారు. ఒకడికి కళ్ళు తెరుచుకోవు, ఇంకొకడికి వేళ్ళు ముడుచుకోవు. చౌడక్క ఇద్దరి నడుమ పీట వేసుకుని, ఒకే కంచంలో పప్పన్నం కలిపి, మొదటి ముద్ద మొగుడి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

ఓబులేశు తల పక్కకు తిప్పాడు.

"వానికి పెట్టు ముందు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు వాడు."

మద్దిలేటి ముద్దకు నోరు తెరిచాడు.