కార్డు అమ్మని అమ్మాయి

"మీ కంప్యూటర్ కేసు లోపల పొడవెంత?" అని అడిగింది ఆ అమ్మాయి.

షాపులో అన్నిటికన్నా పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఇమ్మని నేనడిగితే, ఆమె ఇచ్చిన జవాబు అది. ఇంత ఉంటుందని రెండు చేతులూ చాచి చూపించాను.

"మీరు చెప్తున్నది కంప్యూటర్ గురించా, చేతికి చిక్కి జారిపోయిన చేప గురించా?"

వెనక నిలబడ్డ ముసలాయన కిసుక్కున నవ్వాడు. సరస్సు ఒడ్డునున్న మా డులూత్‌లో చేప మీద జోకేస్తే చర్చిలో కూడా నవ్వుతారు. నా చెవులు ఎర్రబడ్డాయి. ఆమె బ్యాడ్జి మీద సోల్వే అని ఉంది. పేరు బాగుంది, మనిషి ఇంకా బాగుంది, నోరు మాత్రం రంపం.

పోయిన పరువు కొంతైనా తెచ్చుకుందామని ఫోన్ తీసి నా కంప్యూటర్ ఫొటోలు చూపించాను. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, పెళ్ళిచూపులకు పంపేటంత శ్రద్ధగా తీసినవి. ఆటలో శత్రువు కనిపించేలోపే నేను చచ్చిపోతున్నానని, బొమ్మ అంత నత్తనడక నడుస్తోందని మొర పెట్టుకున్నాను. వెనక వైపు ఫొటో దగ్గర ఆమె కాసేపు ఆగింది. పెదవి కొరుక్కుంది. కొలత తెస్తేగానీ కార్డు అమ్మనని తేల్చేసింది.

ఇంట్లో మా నాన్న చేపలు కొలిచే పట్టీతో కొలిచి, నీచు వాసనతో సహా కొలత తీసుకెళ్ళాను. కేసులో ముందున్న ఫ్యాను మందం తీసేశారా అంది. తీసేయలేదు. ఆ లెక్క తేల్చుకుని వెళితే, పవర్ సప్లై ఎన్ని వాట్లంది. పెద్ద కార్డుకు కరెంటు చాలకపోతే ఆట మధ్యలో కంప్యూటర్ గుడ్లు తేలేస్తుందట. ఆమెను చూసి నేను తేలేస్తున్న సంగతి మాత్రం చెప్పలేదు.

ధైర్యం లేక చెప్పలేదు. మా ఊళ్ళో మనసులో మాట బయటపెట్టడం కన్నా ఏప్రిల్‌లో కరుగుతున్న సరస్సు మంచు మీద ట్రక్కు నడపడం తేలిక. నచ్చిన పిల్లతో కూడా వాతావరణం గురించే మాట్లాడి ఇంటికొచ్చేస్తాం. నాకు అదృష్టం కొద్దీ వాతావరణానికి బదులు మాట్లాడ్డానికి గ్రాఫిక్స్ కార్డు దొరికింది. అది కొన్ననాడు ఆ షాపుకు వెళ్ళే వంక కూడా పోతుంది.

వాట్లు చూద్దామని బల్ల కింద దూరినప్పుడు బయటపడింది నా ఘనకార్యం. కంప్యూటర్ వెనక మానిటర్ కేబుల్ పెట్టడానికి రెండు చోట్లున్నాయి. పైది మదర్‌బోర్డుది, కిందది గ్రాఫిక్స్ కార్డుది. నేను కొన్న రోజు నుంచీ పైదానికే పెట్టుకున్నాను. అంటే నా పాత కార్డు ఇన్నాళ్ళూ ఇల్లరికపు అల్లుడిలా లోపల కూర్చుని, పని ముట్టుకోకుండా తిన్నదన్నమాట.

కేబుల్ తీసి కింద పెట్టాను. ఆట నీళ్ళలా సాగిపోయింది. ఇక నాకు కొత్త కార్డుతో పనిలేదు, షాపుతో అసలే లేదు. గెలుస్తున్నా ఏడుపొచ్చింది.

మర్నాడు తల దువ్వుకుని మళ్ళీ షాపుకెళ్ళి, పవర్ కేబుల్‌కు పిన్నులు ఆరుండాలా ఎనిమిదుండాలా అని అడిగాను. ఆమె తీరిగ్గా బొమ్మ గీసి మరీ చెప్పింది. మంచు కాస్తా వానగా మారేదాకా ఇదే వరస.

ఒక శనివారం ఓనరు హాల్వర్సన్ కళ్ళజోడు కిందికి దించి మమ్మల్నిద్దర్నీ చూశాడు.

"ఆర్విడ్, నువ్వొచ్చేది కార్డు కొనడానికా, నా కాఫీ తాగడానికా?" అని, బీరువాలోంచి ఒక కార్డు డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. అది నా కంప్యూటర్‌కు సరిపోతుందో లేదో ఇప్పుడే తేల్చమని సోల్వేకు చెప్పాడు.

సోల్వే నా వైపు చూడలేదు. డబ్బా మీద అక్షరాలు చదివినదే చదివింది. పొడవు సరిపోతుంది, వాట్లు సరిపోతాయి, పిన్నులు సరిపోతాయి అని నీరసంగా ఒప్పుకుంది. కొంటే ఇక్కడితో సరి. నిజం చెబితే వెధవనవుతాను. కిటికీ మీద వాన దంచుతోంది.

వెధవనవడానికే సిద్ధపడ్డాను. కార్డు అక్కర్లేదని, కేబుల్ తప్పు చోట పెట్టానని, అది సరిచేసి చాలా రోజులైందని గడగడా చెప్పేశాను.

"ఇంకా ఎందుకొస్తున్నానంటే, నువ్వంటే నాకిష్టం."

సోల్వే తలెత్తింది.

"కేబుల్ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. వెనక వైపు ఫొటోలో కనబడింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మళ్ళీ వచ్చేవాడివా?"

కార్డు అక్కర్లేనివాడికి కార్డు అంటగట్టకుండా, మనిషిని వదులుకోకుండా, ఫ్యానులూ పిన్నులూ అడ్డం పెట్టి నన్ను తిప్పుకుంది. ఇంత తెలివైన పిల్లకు నేనెలా నచ్చానో ఇప్పటికీ అర్థం కాదు.

హాల్వర్సన్ డబ్బా తీసి మళ్ళీ బీరువాలో పెట్టాడు. కార్డు ఎలాగూ అమ్ముడుపోదని తేలింది గనక ఇద్దరూ వేరే ఎక్కడైనా కాఫీ తాగండని, షాపు తను చూసుకుంటానని గొణిగాడు. మా వైపు ఆశీర్వాదాలు ఇలాగే ఉంటాయి.

వానలో ట్రక్కు దాకా పరిగెత్తాం. ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. అమ్మ మాంసం, బంగాళదుంపలు కలిపి ఓవెన్లో పెట్టే హాట్‌డిష్ చేస్తుందని, నా కంప్యూటర్‌ను కూడా ఒకసారి కళ్ళారా చూడొచ్చని అన్నాను.

సోల్వే తడి జుట్టు వెనక్కి తోసుకుంది.

"వస్తా. నేనొచ్చేలోపు ఆ కేబుల్ మళ్ళీ పాత చోటే పెట్టు," అంది. "మీ అమ్మ ముందు ఊరికే కూర్చోలేను. చెయ్యడానికి నాకూ ఏదో ఒక పని ఉండాలి కదా."