యానాంలో మూడో గురువు

“ఇవాళ క్లాసులోనే టీచర్ సంపూర్ణమ్మని అరెస్ట్ చేసెయ్యండి,” అన్నాడు చీఫ్ రమేష్ బాబు.

కడియం నర్సరీల మధ్య ఆగి ఉన్న లారీ అది. బయటికి గులాబీ మొక్కల లోడు. లోపల వైర్‌లెస్ సెట్లు, స్క్రీన్లు. నర్సరీ బ్రోకర్ వేషంలో ఏజెంట్ జీవరాజు. ఎదురుగా హారతి. ట్రాక్ సూట్‌లో ఉన్నా చూపు తిప్పుకోలేనంత అందగత్తె. విదేశీ ముఠాల విషయంలో డిపార్ట్‌మెంట్‌కి ఆమె మాటే వేదం.

“‘క్రేన్’ ముఠా తన ఆర్డర్లని చైనా వ్యాయామం తై చి భంగిమల్లో పంపుతుంది,” అంది హారతి. “సంపూర్ణమ్మ నిన్న భంగిమల వరస మార్చింది. అంటే ఇవాళ హత్య. టార్గెట్ మిసైల్ సైంటిస్ట్ సత్యనారాయణ గారు. మోకాళ్ల నొప్పులకని ఆవిడ క్లాసుకే వస్తున్నారు.”

జీవరాజు ఆమె వైపే చూశాడు.

మూడేళ్ల క్రితం మలేషియాలోని పినాంగ్‌లో హారతి సరిగ్గా ఇదే చెప్పింది. అక్కడ అతని మొదటి తై చి గురువు లిమ్. శిష్యుడి పాదం తన చేత్తో పట్టుకుని నేలమీద సరిగ్గా పెట్టించిన ముసలాయన. జీవరాజు ఆయన్ని పట్టించాడు. జైల్లో ఆయనకి కుడిచెయ్యి పడిపోయింది.

ఆ తర్వాత ఇంకో మిషన్ మీద లిస్బన్ వెళ్లాడు. అక్కడి గురువు భంగిమలన్నీ వేరే వరసలో నేర్పింది. ఇదేంటని అడిగితే నవ్వింది. ఒక్కో గురుపరంపరది ఒక్కో వరసట. లిమ్ వరసలో ఏ కోడూ లేదని జీవరాజుకి ఆ రోజే తెలిసింది. తనూ హారతీ పొరబడ్డామనుకున్నాడు. రిపోర్టులో మాత్రం రాయలేదు. ఉద్యోగం పోతుందని భయం.

ఇప్పుడు హారతి మళ్లీ అదే పొరపాటు చేస్తోంది. ఇంత తెలిసిన మనిషికి రెండుసార్లూ పొరపాటేనా?

“ఎస్ సార్,” అని లేచాడు.

యానాంలో, గోదావరి ఒడ్డున ఎండ ఇంకా ముదరలేదు. సంపూర్ణమ్మ వియత్నాంలోని సైగాన్‌లో పుట్టిన యానాం మనిషి. అక్కడి చైనా గురువు దగ్గర నేర్చిన విద్యని ఇక్కడ ఊరికే నేర్పుతోంది.

“మోకాలు బిగపట్టకు నాయనా. అలా భయపడ్డట్టు నిలబడ్డావేంటి?” అంది స్టూడెంట్ల వరసలో ఉన్న జీవరాజు భుజం తట్టి.

ఆ ‘నాయనా’ అతన్ని ముల్లులా గుచ్చింది. పక్కకి తిరిగి కాలర్ మైకులో గొణిగాడు. “సార్, సంపూర్ణమ్మని వదిలేయండి. హారతిని చూడండి.”

“మతి పోయిందా? ఆధారం ఏది?”

“తర్వాత చెప్తాను సార్.”

“ఇప్పుడు జంటలుగా నిలబడండమ్మా, పుష్ హ్యాండ్స్!” అని చప్పట్లు కొట్టింది సంపూర్ణమ్మ. ఎదురెదురుగా నిలబడి, మణికట్లు ఆనించి, ఒకరినొకరు మెల్లగా తోసే సాధన అది. వారం కిందటే స్టూడెంట్‌గా చేరిన హారతి నవ్వుతూ సత్యనారాయణ గారి ముందుకి వెళ్లింది.

“నాతో చేస్తారాండీ?”

“అంతకంటేనామ్మా!” అన్నారాయన.

హారతి బొటనవేలితో ఉంగరం తిప్పింది. రాయి అరచేతి వైపుకి వచ్చింది. అందులోంచి సన్నటి సూది మెరిసింది.

జీవరాజు ఒక్క అంగలో మధ్యలోకి దూరాడు. “పార్ట్‌నర్ మారుదాం మేడమ్!”

సూది అతని మణికట్టు మీదకి దూసుకొచ్చింది. అతను అడ్డుకోలేదు. దారిచ్చి, నడుము తిప్పాడు. తన తోపుకి తనే తూలి హారతి ఇసుకలో పడింది. సూది ఇసుకలో దిగబడింది. అవతల మఫ్టీలో కొబ్బరిబోండాలు కొడుతున్న ఇద్దరు డిపార్ట్‌మెంట్ మనుషులు కత్తులు పడేసి వచ్చి ఆమె చేతులు విరిచిపట్టారు.

“ఎలా తెలిసింది?” అంది హారతి రొప్పుతూ.

“వరసలో కోడేమీ ఉండదని లిస్బన్‌లో తెలిసింది.”

“అప్పుడే తెలుసా?” ఆమె నవ్వింది. “నేను ముఠా కోసం ఆ ముసలాణ్ని ఇరికించాను. నువ్వు తెలిసీ నోరు మూసుకున్నావు. మనిద్దరిలో ఎవరు నయం జీవరాజూ?”

సంపూర్ణమ్మ జీవరాజుకి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకున్నాడే గాని, ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

సాయంత్రం లారీలో అంతా చెప్పేశాడు. రమేష్ బాబు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

“లిమ్ విడుదలకి ఇవాళే రాస్తాను. నీమీద ఎంక్వైరీ తప్పదు.”

“వెయ్యండి సార్. ఈలోగా నన్ను పినాంగ్ పంపండి.”

“ఏం మిషనని?”

“ఆయన కాళ్లు పట్టుకోవాలి సార్.”

“దానికి శాంక్షన్ ఏ పద్దు కింద అడగనయ్యా?”

జీవరాజు ఆలోచించాడు. “ట్రైనింగ్ అని రాయండి సార్.”