ఈల వేసినోడే నేను

రంగన్న పరుగెత్తుతున్నాడు.

పొద్దు గూకింది. ఎండిన వంకలో రాళ్ళు కాళ్ళకు తగులుతున్నాయి.

వెనక గోపన్న అడుగులు!

రంగన్న గిరుక్కున తిరుగుతాడు. వాచిన పెదాల మధ్య మాట ముద్దగా వస్తుంది.

"నడుములో ఏముండాది? తియ్!"

పొద్దున నీళ్ళ వంతు దగ్గర రాయితో అతని ముందుపళ్ళు రాలగొట్టింది ఈ గోపన్నే. ఇందాక ఇంటికొచ్చి, తలపాగా విప్పి గడప ముందర పెట్టాడు. తప్పు నాదే అన్నాడు.

నమ్మేదెట్లా?

గోపన్న పంచె మడత విప్పి దులుపుతాడు. ఏమీ లేదు.

"చూసుకో! బావి కాడ నా కొడుకు ఒక్కడే కపిల ఎద్దుల్ని తోల్తాండాడు. నీ కొడుకు యాడుండాడప్పా?"

రంగన్నకు తెలుసు. ఇంట్లో దూలం మీద తుపాకి లేదు, కొడుకూ లేడు. దొరల లైసెన్సు లేని నాటు తుపాకి. గుండు కూరే ఉంటుంది.

పొద్దున నెత్తురు ఉమ్మి, కొడుకు ముందు తనే అన్నాడు.

"మీ నాయన పళ్ళు రాలినాయి. నువ్వు బువ్వ తింటాండావా?"

నరసింహ మాట్లాడలేదు. చెయ్యి కడుక్కొని లేచాడు.

'వానికి మాట్లాడేది నేర్పు' అనేది సిద్దమ్మ, బతికున్నన్నాళ్ళూ. పెళ్ళాం మాట ఎవడు వింటాడు? తను నేర్పింది వేరే.

'చీకట్లో వెనక ఎవడన్నా వస్తే అడగొద్దు. కాల్చు. పేరు పెట్టి పిలిచినా నమ్మొద్దు, గొంతు మార్చి పిలుస్తారు. ఈల వేసినోడే నేను.'

పళ్ళ సందున నాలుక పెట్టి, కౌజుపిట్ట మాదిరి వేసే ఈల. ఊళ్ళో ఇంకెవడికీ రాదు.

అదిగో!

వంక మలుపులో నల్లటి ఆకారం. భుజాన తుపాకి. బావి వైపు పోతోంది...

"నేను పిలుస్తా" అంటాడు గోపన్న.

"నీ గొంతు వింటే కాలుస్తాడు. ఈడే కూచో. రెండు చేతులూ నాకు కనపడాల!"

"ఇంకా అనుమానమేనా, రంగన్నా?"

రంగన్న ముందుకు ఉరుకుతాడు.

"నలసింహా!"

ఛీ! ఇది తన గొంతేనా?

ఆకారం ఆగింది. తుపాకి భుజం దిగింది. గొట్టం ఇటు తిరిగింది.

కాల్చలేదు. చూస్తున్నాడు... ఈల కోసం చూస్తున్నాడు!

రంగన్న నాలుక మడిచాడు. ఊదాడు.

గాలి!

మళ్ళీ ఊదాడు. చిగుళ్ళు చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది.

ఒట్టి గాలి!

"నలసిం..."

ఢాం!

ఆకాశం అడ్డంగా తిరిగింది. వీపు కింద రాళ్ళు. మందుపొగ వాసన. దూరంగా గోపన్న కేక.

మలుపులో కొడుకు ఊరి వైపు తిరిగి, గొంతు చించుకొని అరుస్తున్నాడు.

"నాయనా! వెనకాల వచ్చినోడు పడిపాయ! నేనేమీ అడగలేదు నాయనా... నువ్వు చెప్పినట్టే చేసినా!"