ఏడో మలుపులో ఎర్ర చెప్పు

"చిలక ఎవరి పక్షమో తేల్చు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ మంచు మొహంలో ఏ మార్పూ లేదు. కణతకి తుపాకీ ఆనించినా చెమట పట్టని మనిషి కాబట్టే డిపార్ట్‌మెంట్ అతనికి ఆ పేరు పెట్టింది. కానీ బల్ల మీది ఫోటో చూడగానే మంచు కరగడం మొదలైంది. ఫోటోలో చిలక నవ్వుతోంది. ఆమె చెయ్యి కార్ రేసింగ్ ఛాంపియన్ భుజం మీద ఉంది.

చిలక డబుల్ ఏజెంట్. అంతకన్నా పెద్ద చిక్కు, ఆమె మంచు భార్య.

"ఛాంపియన్‌కి ఇంటర్‌ప్రెటర్‌గా మనమే పంపాం. ముఠావాళ్ళు తమ మనిషే అనుకుంటున్నారు. ఈమధ్య మనకి రిపోర్టులు ఆగిపోయాయి. నిజంగా ఎవరి మనిషో నాకు తెలీదు. నువ్వు మొగుడివి, నీకు తెలియాలి."

"ఇంట్లో ఉన్నప్పుడే తెలిసేది కాదు సార్."

చీఫ్ నవ్వలేదు. ఆయనకి ఆ అలవాటు లేదు. స్విచ్ నొక్కగానే గోడ మీద వీధుల మ్యాప్ వెలిగింది.

"సిటీ వీధుల్లో రేస్. రోడ్లు ఇరుకు, ఓవర్‌టేక్ చెయ్యలేరు. ముందు బయల్దేరినవాడే ముందొస్తాడు. టీవీ ముందు జనం కునుకు తీస్తున్నారు. దీన్ని ఎక్సైటింగ్‌గా మారుస్తానని ఒక విదేశీ కన్సల్టెంట్ దిగాడు. టీవీ హక్కులు కాజేద్దామనుకునే ముఠా ముందు నిలబెట్టింది అతన్నే. రోడ్డు మీద నీళ్ళు చల్లుదామన్నాడు, అడ్డదారి పెడదామన్నాడు. కమిటీ ఒప్పుకోలేదు. ఇప్పుడు అడక్కుండానే రిమోట్‌తో ఏదో చేయబోతున్నాడు. చివరి ల్యాప్‌లో ఛాంపియన్ చస్తాడు. ప్రపంచమంతా కళ్ళప్పగించి చూస్తుంది."

"రేస్ ఆపేస్తే?"

"ముఠా ఇంకో ఊరికి పోతుంది. రిమోట్ ఎవడి చేతిలో ఉందో వాణ్ణి రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోవాలి. నువ్వు ఏడో మలుపులో జెండాలూపే ఫ్లాగ్ మార్షల్‌వి. కోడ్ వర్డ్ 'గొడుగు'. వాచీలో ఆ మాట అంటే మనవాళ్ళు దిగుతారు. ఛాంపియన్‌ని కాపాడే పూచీ నీది."

"ఛాంపియన్‌నా?"

"వాణ్ణే."

మంచు శత్రుదేశాల్లో సొరంగాలు తవ్వాడు, సముద్రంలో ఈదాడు. ఇంత కష్టమైన పని ఎప్పుడూ తగల్లేదు.

రేస్ రోజు ఉదయం నారింజ రంగు ఓవరాల్, అంటించిన మీసంతో అతను పోస్టులో నిలబడ్డాడు. ఏడో మలుపు ఒక బ్యాంకుకీ టైలరింగ్ షాపుకీ మధ్య ఉంది. రెండు వైపులా కాంక్రీటు గోడలు, వాటి మీద ఇనప కంచె. మలుపు మధ్యలో, కార్లు సరిగ్గా వెళ్ళే దారిలో, ఒక మ్యాన్‌హోల్ మూత.

వీధి రేసులో అందరూ భయపడేది ఆ మూతలకే. రేస్ కారు నేలని రాసుకుంటూ పోతుంది. దాని కింద గాలి పీల్చే వేగానికి వదులు మూత లేచి కారునే చీల్చేస్తుంది. అందుకే రేసుకి ముందు ప్రతి మూతనీ వెల్డింగ్ చేసి, అంచుల సందు లోహంతో నింపి నున్నగా అరగదీస్తారు. మంచు వంగి మూతని తట్టి చూశాడు. గట్టిగానే ఉంది.

అంతలో డ్రైవర్లు ట్రాక్‌ని నడిచి చూసుకునే వేళయింది. ఛాంపియన్ వచ్చాడు. పక్కన చిలక. వెనకే కన్సల్టెంట్, నెరిసిన జుట్టు రేస్ డైరెక్టర్.

చిలక కాళ్ళకి ఎర్ర హైహీల్స్. ట్రాక్ మీద హైహీల్స్ ఏమిటో!

ఏడో మలుపులో ఆమె తూలింది. "అయ్యో!" అంటూ ఛాంపియన్ భుజం పట్టుకుంది. చెప్పు మడమ ఇరుక్కుంది. వాడు మోకాలి మీద కూర్చుని, చెప్పుని అటూ ఇటూ కదిపి ఊడదీసి, ఆమె పాదానికి తొడిగాడు. పెద్ద రాకుమారుడిలా! చిలక కిలకిలా నవ్వింది. వెళ్తూ వెళ్తూ మార్షల్ వంక ఒక చూపు విసిరింది.

మంచుకి ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో అతను ఆమె చెప్పు ముట్టుకున్న పాపాన పోలేదు. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకాస్త మండింది.

రేస్ మొదలైంది. చీఫ్ చెప్పింది నిజమే. కార్లన్నీ రేషన్ క్యూలో నిలబడ్డట్టు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అందరికన్నా ముందు ఛాంపియన్. స్టాండులో ఒకాయన హాయిగా గురక పెడుతున్నాడు.

మంచుకి మాత్రం కునుకు పట్టే అదృష్టం లేదు. ఛాంపియన్ కారు దూసుకుపోయిన ప్రతిసారీ పొద్దుటి దృశ్యం కళ్ళముందు తిరిగింది. ఎడమ పాదం. ఎర్ర చెప్పు. మూతకి బ్యాంకు వైపు అంచు. వాడి వేళ్ళు ఆమె చీలమండ మీద. పెళ్ళిరోజు తేదీ గుర్తుండని మనిషికి ఇదంతా వెంట్రుకవాసి తేడా లేకుండా గుర్తుంది.

ఇంకొక్క ల్యాప్ ఉందనగా, వాడు చెప్పుని కదిపి కదిపి లాగిన తీరు మళ్ళీ తలుచుకుని పళ్ళు నూరబోయి, మంచు ఆగిపోయాడు.

అసలు మడమ ఎక్కడ ఇరుక్కుంది?

లోహం నింపిన సందులో మడమ దిగదు!

మార్షల్ విజిల్‌లో దాచిన లెన్స్ కంటికి ఆనించాడు. మూత అంచున, బ్యాంకు వైపు, చిన్న గుంట. చుట్టూ నల్లటి పుట్టీ, పైన లోహం రంగు. వెల్డింగ్ లేదు. మూతని కింద నుంచి ఏదో క్లాంప్ పట్టి ఉంచింది. రిమోట్ నొక్కితే వదిలేస్తుంది.

రేడియో అందుకున్నాడు. "ఏడో మలుపు నుంచి కంట్రోల్‌కి. మూతకి వెల్డింగ్ లేదు. రెడ్ ఫ్లాగ్ ఇచ్చి రేస్ ఆపండి!"

"అన్నీ నేనే చెక్ చేయించాను," రేస్ డైరెక్టర్ గొంతు. "నువ్వు కలగజేసుకోకు." లైన్ కట్టయింది.

చివరి ల్యాప్. దూరంగా ఇంజన్ మోత. మంచు చేతికి దొరికినవి రెండు పసుపు జెండాలు. రెండూ కలిపి ఊపితే, వేగం తగ్గించి ఆగడానికి సిద్ధంగా ఉండమని అర్థం. డ్రైవర్ ఎవడైనా వినాల్సిందే.

ఊపకపోతే?

చెయ్యి లేవలేదు. చీలమండ మీద ఆ వేళ్ళు కనబడ్డాయి. తనని ఎవరూ తప్పుపట్టరు. చూసుకోలేదంటే సరిపోతుంది. ఆ ఆలోచనకి అతనికే సిగ్గేసింది.

"నీ మొహం మండ!" అని అరుస్తూ రెండు జెండాలూ ఎత్తి పిచ్చిపట్టినవాడిలా ఊపాడు.

బ్రేకులు కీచుమన్నాయి. టైర్ల నుంచి పొగ లేచింది. టప్‌మని క్లాంప్ ఊడింది. మూత ఒక పక్కకి ఒరిగింది. దానికి జానెడు దూరంలో ఛాంపియన్ కారు ముక్కు ఆగింది.

"గొడుగు! గొడుగు!" అన్నాడు మంచు వాచీలోకి.

మూతని వెల్డింగ్ చేసి, కార్లన్నిటినీ దగ్గర దగ్గరగా నిలబెట్టి, మిగిలిన ఒక్క ల్యాప్‌కీ మళ్ళీ స్టార్ట్ ఇచ్చారు. జనం కుర్చీలెక్కి అరిచారు. గీత దగ్గర ఛాంపియన్‌ని ఎవడో కుర్రాడు వెంట్రుకవాసిలో ఓడించేశాడు. మంచు డ్యూటీలో ఉన్నానని కూడా మర్చిపోయి ఈల వేశాడు.

కంట్రోల్ రూమ్ మెట్ల మీద చిలక ఎదురైంది. చేతిలో కరెంట్ షాకిచ్చే లిప్‌స్టిక్. వెనకాల సంకెళ్ళతో కన్సల్టెంట్, మణికట్టు పట్టుకుని మూలుగుతున్న రేస్ డైరెక్టర్.

"రిమోట్ వీళ్ళిద్దరిలో ఎవరి దగ్గరుందో తెలీలేదండీ. మీ జెండాలు లేవగానే ఈ డైరెక్టర్ చెయ్యి కోటు జేబులోకి పోయింది. షాకిచ్చాను, కానీ అప్పటికే నొక్కేశాడు."

"ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా?"

"ఫోన్ వాళ్ళ దగ్గరుంది, పక్కన మనిషిని పెట్టారు. అందుకే మడమ దింపాను."

"నేను గమనించకపోతే?"

"మామూలుగా మీరు ఏదీ గమనించరు. అందుకే వాడి చేత తొడిగించుకున్నాను." అతని మీసం సర్ది, "వంకరగా ఉంది," అని వెళ్ళిపోయింది.

వాచీలో చీఫ్ గొంతు పలికింది. "చిలక ఎవరి పక్షమో తేలిందా?"

"తేలింది సార్. మన పక్షమే."

"సాక్ష్యం?"

మంచు మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"నా కడుపుమంటే సార్."